బడ్జ్ బడ్జ్‌లో కదలని కారు

మెటియాబ్రుజ్,
11 ఏప్రిల్ 2025, శుక్రవారం

లోయిస్‌కు,

కారు డ్యాష్‌బోర్డు అరలో కాగితం కనిపించగానే పోట్లాట మొదలైందని నీకు తెలిసిపోయి ఉంటుంది. కంగారుపడకు. ఈసారి నీతో కాదు, కంపెనీతో. అయినా మన నాన్న పెట్టిన చట్టం చట్టమే. పోర్టు క్వార్టర్సులో గోడకు అటూ ఇటూ తెలుగువాళ్ళే కాబట్టి, ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా నోటితో కాదు, కాగితం మీద తిట్టుకోవాలనేవాడు. జవాబు కూడా కాగితం మీదే. జవాబు వచ్చేదాకా మాటల్లేవు, మొహాలు చూసుకోవడం లేదు. కలకత్తాలో పుట్టిన మనిద్దరికీ తెలుగు రాయడం బడిలో రాలేదు, ఆ పోట్లాటల్లో వచ్చింది. నీ కూతురు రీనాకు ఆ భాగ్యం లేదు. ఈ ఉత్తరం తనే మోసుకొస్తుంది, ఒక్క అక్షరం చదవలేదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

విషయం ఇది. మనిద్దరం కలిసి ఈ కరెంటు కారు కొన్నప్పుడు, పూర్తిగా చార్జి చేస్తే ముందున్న తెర మీద మూడు వందల కిలోమీటర్లు వెళ్తుందని చూపించేది. వారం నీ దగ్గర, వారం నా దగ్గర, హాయిగా సాగింది. మార్చిలో రెండు వందల డెబ్బై అయింది. ఇవాళ రెండు వందల నలభై! ఏం, బ్యాటరీ ఏమైనా ఐసు గడ్డా, వేసవి రాగానే కరిగిపోవడానికి?

కంపెనీకి రాశాను. ఏం జవాబిచ్చారో తెలుసా? ‘వాహనం నడిపే అలవాట్లను బట్టి అంచనా మారవచ్చు’ అట. చూశావా కుయుక్తి! గనిలో పై కప్పు కూలితే కూలివాడి తల ఎత్తుగా ఉందంటారు. మిల్లులో చెయ్యి తెగితే చెయ్యి అడ్డం పెట్టాడంటారు. ఇప్పుడు బ్యాటరీ చస్తే మన కాలు బరువుగా ఉందంటున్నారు. పర్యావరణం పేరు చెప్పి మనలాంటి వాళ్ళ చేత కొనిపించి, తప్పు మన పాదాల మీదికి తోసేస్తారా?

ఊరుకోను. ఇలాంటి బాధితులం పదిమందిమి పోగయ్యాం. మే 17న భవానీపూర్‌లో షోరూము ముందు ధర్నా. కరపత్రం నేనే రాస్తున్నాను. నీ వారాల్లో కారు ఎలా నడిచిందో నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. సాక్ష్యం అన్నాచెల్లెళ్ళిద్దరిదీ ఉంటే బలంగా ఉంటుంది.

ఈస్టరుకు వస్తున్నాను. ఆరాధనకు కాదులే, భోజనానికి. బావను చూసి ఎన్ని నెలలైందో! ఫోన్లో కూడా రెండు ముక్కలు మాట్లాడి నీకిచ్చేస్తున్నాడు. గోవిందరాజు బావకు నా మీద కోపమేమిటో అడుగు.

మంట మీదున్న
నీ అన్న, ఎలీయాజరు


బడ్జ్ బడ్జ్,
18 ఏప్రిల్ 2025, గుడ్ ఫ్రైడే

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకు,

ఆయన పేరు ఎత్తితే నీకు గిట్టదని తెలుసు. ఉత్తరం నాది కాబట్టి ఎత్తుతాను.

ముందు ఒక మాట. కారు వెనక సీటంతా నీ కరపత్రాల కట్టలు, వాటి కింద ఎవరిదో మెగాఫోను. డిక్కీలో ఎర్రగుడ్డ, జెండా కర్రలు. మొన్న ఆదివారం చర్చికి వెళ్తుంటే పాస్టరుగారి భార్య ఆ మెగాఫోను మీద కూర్చుని అది మోగితే ‘యేసయ్యా’ అని ఎగిరిపడింది. నీ వారం అయ్యాక నీ విప్లవం నువ్వు దింపుకో.

సంతకం పెట్టను. నంబరు తగ్గితే తగ్గింది. ఎక్కడికి వెళ్ళాలంటే అక్కడికి వెళ్తూనే ఉంది కదా! దారి మధ్యలో ఎప్పుడైనా ఆగిందా? మా పేర్లు ఏ కాగితం మీదా వెయ్యకు. మా పెళ్ళి నీకు గుర్తుందో లేదో, మాకు మరపు రాదు. నువ్వు మా మంచికే నిలబడ్డావు, నాన్నతో నా తరఫున పోట్లాడావు, ఆ రుణం తీరేది కాదు. కానీ కులాన్నీ మతాన్నీ కాలదన్నిన ఆదర్శ జంట అని మా బొమ్మ అచ్చువేసి జూట్ మిల్లు గేటు దగ్గర పంచిపెట్టమని నిన్నెవరు అడిగారు? ఆయన్ని మిల్లులో ఎన్నేళ్ళు ‘కరపత్రం పెళ్ళికొడుకు’ అని పిలిచారో నీకు తెలుసా? ఇప్పటికీ ఒకరిద్దరు పిలుస్తారు.

ఈస్టరుకు రావద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, సామానంతా బయట ఉంది. బావకు నీ మీద కోపమేమీ లేదు.

ఒక సాయం కావాలి. మే నెలలో నీ వారాలు కూడా మాకు వదిలేస్తావా? వానలు మొదలయ్యాక నువ్వే వరసగా ఉంచుకో. ఎందుకని అడగకు. చెల్లెలు అడిగిందని ఇయ్యి.

నీ కోసం రోజూ ప్రార్థించే, నీకిష్టం లేకపోయినా,
లోయిస్


మెటియాబ్రుజ్,
25 ఏప్రిల్ 2025

లోయిస్‌కు,

కారు నీ దగ్గర్నుంచి వచ్చింది. చార్జి నిండా పెట్టి చూశాను. నూట తొంభై! మనిషికి ఒక్క వారంలో ఇంత బరువు తగ్గితే ఆసుపత్రిలో చేర్పిస్తారు.

సరే, ఇది కంపెనీ దొంగతనమే అనుకుని రెండో కరపత్రం మొదలుపెట్టాను. ఇంతలో ఒక మాట నా చెవిన పడింది. సింహాచలమ్మ పిన్ని మీ ఊళ్ళో తన మనవరాలిని చూడ్డానికి వచ్చిందట కదా! నిన్న బజార్లో ఎదురైంది. ‘ఓరి ఎలీయాజరూ, మీ బావకి ఇప్పుడు రాజయోగంరా! ఇస్త్రీ సొక్కా ఏసుకుని, మిట్టమజ్జాన్నం, మిల్లు గోడ పక్కన కార్లో అద్దాలెత్తుకుని కూసున్నాడు. నానటెల్లీ, ఇటొచ్చీ చూసినా అక్కడే ఉన్నాడు’ అంది.

ఇప్పుడర్థమైంది. ఇస్త్రీ చొక్కా, మిట్టమధ్యాహ్నం, అద్దాలెత్తుకుని ఎదురుచూపు. ఎవరి కోసం? ప్యాసింజర్ల కోసం! కారును కిరాయికి తిప్పుతున్నారు. అందుకే నంబరు పడిపోతోంది. అందుకే నీకు సంతకం పెట్టడం ఇష్టం లేదు. అందుకే ఈస్టరుకు సున్నాలు. అందుకే నా వారాలు కూడా కావాలి!

కిరాయి తప్పు కాదు. నేను కిరాయి డ్రైవర్ల యూనియన్‌కు కూడా కరపత్రాలు రాసినవాణ్ణి. కానీ దాచడమేమిటి? మనం ఈ కారు కొన్న రోజున నేనేమన్నాను? సొంతకారంటే డాబుకోసం కాదు, రెండు శ్రామిక కుటుంబాలు ఒక వస్తువును కలిసి వాడుకోగలవని ఈ ఊరికి చూపిద్దాం అన్నాను. నువ్వు తలూపావు. నా వెనక వ్యాపారం పెట్టి, నేను కంపెనీ మీద గొంతు చించుకుంటుంటే నవ్వుకుంటారా మీరిద్దరూ? రేపు ధర్నాలో కంపెనీవాడు లేచి ‘అయ్యా, మీ బండి ట్యాక్సీ’ అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

నా వారాలు ఇవ్వను. బావకు చెప్పు.

ఎలీయాజరు


బడ్జ్ బడ్జ్,
2 మే 2025

అన్నయ్యా,

‘ప్రియమైన’ అనేది ఈసారి రాయడం లేదు. నాన్న ఉంటే తప్పనేవాడు. ఉండనీ.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. నవ్వి, ‘మీ అన్నకి నానేటి సేస్తానో తెలీదుగానీ, దేశంలో ప్రతోడూ ఏటి సేస్తాడో తెలుసు’ అన్నాడు. అని పక్కకు తిరిగి పడుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా ఆయనకు కారు నడపడం రాదు. విన్నావా? సైకిలు తప్ప ఏదీ రాదు. ముప్ఫై ఏళ్ళుగా నీ బావ, నీకు ఆ మాత్రం తెలియదా? కారు కొన్న రోజున స్టీరింగు ముందు కూర్చోమని నువ్వే బలవంతపెడితే, చెప్పులు విప్పి కూర్చుని వెంటనే దిగిపోయాడు. సింహాచలమ్మ పిన్నిని అడుగు, ఆయన ఏ సీట్లో కూర్చున్నాడని. ఎడమ సీట్లో. ఎడమ సీట్లో కూర్చుని ఎవడు ట్యాక్సీ తోలుతాడు?

రీనా ఆఫీసుకు కారులో వెళ్ళడం లేదు. లోకల్ ట్రైన్లో మాజేర్‌హాట్ దాకా నిలబడి వెళ్తోంది. శుక్రవారం నీ దగ్గరికీ నీ దగ్గర్నుంచీ, దారిలో బంకు దగ్గర చార్జి, ఆదివారం చర్చికి. ఆ కారు తిరిగేది అంతే. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే అంకె నీ ముందే ఉంటుంది. నీకు నచ్చిన అంకె ఒక్కటే చూసి, దాని పక్కదాన్ని చూడకుండా మా మీద నేరం రాశావు. ఇదేనా నువ్వు ఊరందరికీ నేర్పే శాస్త్రీయ దృక్పథం?

ఆయన ఎవరి కోసం కూర్చున్నాడని అడిగావు. ఎందుకు కూర్చున్నాడని అడగలేదు.

లోయిస్


మెటియాబ్రుజ్,
9 మే 2025

లోయిస్‌కు,

ట్యాక్సీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బావకు చెప్పు. తప్పు తప్పే, దానికి సమర్థన లేదు.

కానీ నువ్వు నాకు ఎంత పెద్ద ఆయుధం చేతికిచ్చావో నీకు తెలియదు! తిరిగిన కిలోమీటర్లు చూశాను. నువ్వన్నట్టే నీ వారాల్లో కారు కదలనే లేదు. కదలలేదు, అయినా అంకె పడిపోతోంది. అంటే? నడిపే అలవాట్లన్న వాదన గాలికి కొట్టుకుపోయింది. నడపకుండానే బ్యాటరీ చస్తోంది! ఇంతకంటే రుజువేం కావాలి? రాత్రికి రాత్రి కరపత్రం మార్చాను. తలకట్టు విను: ‘బడ్జ్ బడ్జ్‌లో కదలకుండానే కూలుతున్న కారు.’ ఊరి పేరే వేశాను, మీ పేర్లు వెయ్యలేదు. మాట నిలబెట్టుకున్నాను కదా?

కంపెనీవాడు ఇంకో సందు వెతుక్కోకుండా అదీ మూసేశాను. రేపు వాడు ‘మీరు ఏసీ వాడి ఉంటారు’ అనవచ్చు. అందుకని మన వీధి మిస్త్రీ చేత ఏసీ ఫ్యూజు పీకించి నా సొరుగులో పెట్టాను. ఈ వారమంతా కారులో ఏసీ రాదు. వారం తర్వాత నంబరు ఎంత పడిందో చూద్దాం. ఇదీ శాస్త్రీయ దృక్పథం.

రీనాకు చెబితే గొణిగింది. ‘మామా, ఏసీ లేకపోతే నాన్నకి...’ అని ఏదో మొదలుపెట్టింది. మీ తరానికి కాస్త చెమట పట్టగానే నాన్న గుర్తొస్తాడు, మా నాన్న క్రేను గదిలో రేకు కింద ఎనిమిది గంటలు కూర్చునేవాడు అని నాలుగు మాటలు గట్టిగానే చెప్పాను. మూతి ముడుచుకుని తాళం తీసుకుంది.

ఫోన్లు చెయ్యకు. పోట్లాట కాగితం మీద మొదలైంది, కాగితం మీదే తేలాలి. పైగా రేపటినుంచి ఆసన్‌సోల్‌లో మహాసభ.

ఎదుటివాడు ఇక తప్పించుకోలేడని తెలిసిన
ఎలీయాజరు


భవానీపూర్,
16 మే 2025

ఎలీయాజరు అన్నయ్యకు,

ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నాడు. ముందు అది చదువు, మిగతాది తర్వాత చదువు.

జనపనార నుసి ముప్ఫై ఏళ్ళు పీల్చిన ఊపిరితిత్తులు ఆయనవి. చలికాలం నుంచే ఆయాసం ఎక్కువైంది. మిల్లుకు వెళ్ళడం మానేశాడు. మా ఇల్లు మిల్లు కూలీల ఇళ్ళ లైన్లోనే ఉంది కదా, గోడ అవతల మెషీన్లు ఆడుతుంటే కిటికీ మూసినా నుసి వస్తుంది. పైన రేకులు. మధ్యాహ్నమైతే నిప్పుల కొలిమి. ఏసీ పెడదామంటే ఈ లైనుకు వేసిన తీగలు ఫ్రిజ్జునే మొయ్యలేవు. మార్చిలో ఒకరోజు చర్చి నుంచి వస్తూ కార్లో కూర్చుని ఆయన గుండెలనిండా గాలి పీల్చాడు. నెలల తర్వాత. ‘ఇందులో నుసి లేదు లోయిసూ’ అన్నాడు.

ఆ రోజునుంచి మా వారంలో రోజూ మధ్యాహ్నం అన్నం తినగానే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళి కార్లో కూర్చునేవాడు. ఇంట్లో బట్టలకు నుసి అంటుకుని ఉంటుంది, అందుకని చొక్కా మార్చేవాడు. అద్దాలెత్తి ఏసీ వేసి వచ్చేదాన్ని. పొద్దు వాలేదాకా నిద్రపోయేవాడు. సింహాచలమ్మ పిన్ని చూసిన రాజయోగం అది. నీ వారంలో వీపు గోడకానించి కూర్చుని శుక్రవారం కోసం ఎదురుచూసేవాడు. నీ వారాలు అడిగింది అందుకు.

నీకెందుకు చెప్పలేదంటావా? ఆయనే వద్దన్నాడు. ‘మీ అన్నకి సెప్పకు. సెప్పీసేవనుకో, రేపు గోడల మీద నా బొమ్ముంటాది. నా దగ్గు మీద వాళ్ళు ఊరేగింపు తీస్తారు’ అన్నాడు. నేను ఒట్టేశాను.

పోయిన శుక్రవారం కారు వచ్చింది, ఊపిరాడని కారు. శనివారం ఊళ్ళో ఉన్న మిస్త్రీలందరి దగ్గరికీ తిరిగాను. ఒక్కడూ ముట్టుకోలేదు. ‘దీదీ, కారెంటేర్ గాడీ, హాత్ దేబో నా’, కరెంటు బండి, చెయ్యి పెట్టం అన్నారు. ఒట్టు పక్కన పెట్టి నీకు ఫోన్ చేశాను. మూడుసార్లు. మూడోసారి కట్ చేసి ఏం మెసేజ్ పెట్టావో గుర్తుందా? ‘కాగితం మీద రాయి.’

సోమవారం మధ్యాహ్నం ఆయనకు ఊపిరి అందలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆఫీసునుంచి రీనా ఎలా వచ్చిందో తెలియదు. అద్దాలు దించి అదే కార్లో ఇక్కడికి తెచ్చాం. దారిలో ఎన్ని కిలోమీటర్లు మిగిలాయో ఎవరూ చూడలేదు. కారు ఆగలేదు.

ఆక్సిజన్ ఈ రోజు తగ్గించారు. ఆదివారం పంపిస్తామన్నారు. తిరిగి ఆ ఇంటికే. ఆ నుసిలోకే.

నాన్న చట్టం ప్రకారమే నడుద్దాం. దీనికి జవాబు రాయకుండా ఇక్కడికి రావద్దు. మొహం చూపించవద్దు. నీ సొరుగులో ఉన్న మా ఆయన ఊపిరి రీనాకిచ్చి పంపు.

లోయిస్


మెటియాబ్రుజ్,
18 మే 2025, ఆదివారం

లోయిస్,

నీ ఉత్తరం చదివిన గంటలో మిస్త్రీని దుకాణంలోంచి లాక్కొచ్చి ఫ్యూజు పెట్టించాను. ఏసీ వేసి నేనే కూర్చుని చూశాను. వస్తోంది. ఈ ఉత్తరంతోపాటే కారు వస్తుంది. బావను ఇంటికి తీసుకెళ్ళేది అందులోనే. అది ఇక ఇటు తిరిగి రావలసిన పని లేదు. వానలు వచ్చినా సరే, పోయినా సరే. ఎప్పుడు పంపాలో బావ చెప్పాలి.

నువ్వు నన్ను తిట్టలేదు. తిడితే జవాబు రాయడం నాకు తేలిక. అన్యాయం జరిగిన చోట ఎవడిమీద అరవాలో నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. ఈసారి అరవాల్సినవాడు ఈ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. రీనా నోరు తెరిస్తే ఉపన్యాసం ఇచ్చాను. నువ్వు ఫోన్ చేస్తే చట్టం చెప్పాను. నుసిని తిట్టడానికి మిల్లు గేటు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చానో, ఆ గేటు లోపలినుంచి వచ్చిన మనిషి ఎలా దగ్గుతున్నాడో ఒక్కసారి ఆగి వినలేదు.

నిన్న ధర్నాకు వెళ్ళాను. వెళ్ళకపోతే పిరికితనం. అందరికంటే ముందు మన కారే నిలబడాలి, పోస్టరు మీద దాని బొమ్మే. షోరూమువాళ్ళు అందరి ఎదుటా యంత్రం తగిలించి చూశారు. మన బ్యాటరీ నిక్షేపంగా ఉంది. నిలబెట్టి ఏసీ నడిపితే, ఆ ఖర్చంతా తిరిగిన నాలుగు కిలోమీటర్ల మీదా పంచేసి, ఇక ముందు కూడా అంతే ఖర్చవుతుందని లెక్కగట్టి ఆ నంబరు చూపిస్తుందట. నువ్వు రాసింది చదివాక నాకు ముందే తెలుసు. అందుకే మెగాఫోనులో నేనే చెప్పాను: ‘నా కారుకు రోగం లేదు, నేను రాసింది తప్పు, పోస్టరు దించండి’ అని. మనవాళ్ళలోనే ఒకడు ‘దాదా, ఎంత పుచ్చుకున్నావు?’ అని అరిచాడు. పడ్డాను.

అలాగని కంపెనీని వదిలిపెట్టాననుకోకు. ఈ రెండు ముక్కలు మార్చిలోనే నాకు రాసి ఉంటే? ‘మీ బండి నిలబడి ఏదో పని చేస్తోంది, చూసుకోండి’ అని ఒక్క వాక్యం! రాయరు. రాస్తే, బ్యాటరీ అసలు ఆరోగ్యం ఎంతో కూడా చెప్పాల్సి వస్తుంది. మన పదిమంది బాధితుల్లో ఉన్న ఉమామహేశ్ కారుకు అదే యంత్రం తగిలిస్తే మూడో వంతు పోయిందని తేలింది. ఆయన తెర మీద మాత్రం అంకె అందంగా ఉంది! మంచి బ్యాటరీని చచ్చిందని, చచ్చినదాన్ని మంచిదని చూపించే అంకెను మొహాన కొట్టి మమ్మల్ని నమ్మమంటారు. ఉమామహేశ్ కారును ముందు నిలబెట్టి ధర్నా కొనసాగించాం. ఆ పోరాటం న్యాయమైనదే. అందులో మన కారుకు చోటు లేదు, అంతే.

ధర్నా అయ్యాక ఆసుపత్రి ఎదుటి ఫుట్‌పాత్ మీద చాలాసేపు నిలబడ్డాను. పైకి రాలేదు. జవాబు ఇంకా రాయలేదు కదా!

మిల్లు నుసి గురించి ఒక్క అక్షరం రాయలేదు. పెన్ను పట్టుకున్నాను, తలకట్టు కూడా వచ్చింది, చింపేశాను. ముప్ఫై ఏళ్ళ నుసి పీల్చిన మనిషికి ఊపిరాడే చోటు ఈ నగరంలో ఒక నిలబెట్టిన కారు తప్ప దొరకలేదంటే, నా రక్తం ఉడికిపోతోంది లోయిస్, ఆ మిల్లు యజమాని పేరు ఊరంతా గోడలకెక్కించాలని ఉంది. కానీ ఆ ఊపిరి బావది. బావ అడక్కుండా రాయను. రాయవద్దంటే ఎప్పటికీ రాయను.

ఎలీయాజరు


బడ్జ్ బడ్జ్,
30 మే 2025

ప్రభువునందు ప్రియమైన అన్నయ్యకు,

కారు మా దగ్గరే ఉంది కాబట్టి రీనా దీన్ని ఆఫీసు దారిలో నీకిచ్చి వెళ్తుంది.

ఆయన కాస్త తేరుకున్నాడు. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. మెగాఫోను దగ్గర నిన్ను ‘ఎంత పుచ్చుకున్నావు’ అన్నారన్న చోట ఆపి, ‘ఇంకోపాలి సదువు’ అన్నాడు. విని నవ్వాడు. ఆయన అలా మనసారా నవ్వి నెలలైంది.

సాయంత్రం లైన్లో వాళ్ళు నలుగురు వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. నలుగురూ దగ్గుతున్నవాళ్ళే. ఇన్నాళ్ళూ ఎవరిళ్ళల్లో వాళ్ళు తలుపు మూసుకుని దగ్గారు. వాళ్ళు వెళ్ళాక నన్ను రాసుకోమన్నాడు. ఆయన మాటలే రాస్తున్నాను:

‘మీ అన్నని రాయమను. నా ఒక్కడి పేరొద్దు, మా అయిదుగురి పేర్లూ ఎయ్యాల. రాసీసి ముందు మాకు సదివి ఇనిపించాల. మేం కొట్టీమన్న మాట కొట్టీయాల. అమరుడు, బలిపశువు, అలాటియేవీ ఉండకూడదు. మేం ఇంకా ఉన్నాం. మిల్లోడి పేరు మాత్రం ఎంత పెద్ద అచ్చరాల్తో ఏసినా నాకేటీ అభ్యంతరం లేదు.’

నా కోపం తీరలేదు. ‘కాగితం మీద రాయి’ అన్న ఆ మెసేజ్ ఇంకా ఫోన్లోనే ఉంచుకున్నాను. నువ్వు వచ్చాక ఎదురుగా కూర్చుని తిడతాను, గోడ అవతల ఎవరు విన్నా సరే.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రా. సున్నాలు ఎప్పుడూ వెయ్యలేదు. బస్సులో రా, కారు పనిలో ఉంటుంది.

లోయిస్